మూణ్ణెల్ల సూది

శ్యామలమ్మ ఇంట్లో కోడలి నెలసరి కోడలి ఒక్కదాని సంగతి కాదు. అది పిండి సంగతి, నూనె మూకుడు సంగతి, ఒప్పుకున్న ఆర్డరు వేళకు అందుతుందా లేదా అన్న సంగతి.

సీతాఫల్‌మండిలో ఆమె చేతి సకినాలకు పేరుంది. పెళ్ళి సారెలకైనా, అమ్మవారికి పెట్టే ఫలహారానికైనా, ఒడిబియ్యం పోసే ఇళ్ళకైనా చిలకలగూడ నుంచి కూడా జనం వెతుక్కుంటూ వస్తారు. రుచి ఒక్కటే కాదు, శ్యామలమ్మ నిష్ఠగా చేస్తుందని నమ్మకం. తలస్నానం చేయనిదే తడిపిండి ముట్టదు. పిండి కలిపాక ఎవరినీ తాకదు. ఇంట్లో ఆడమనిషి బయట ఉంటే వంటింటి గడప తొక్కనివ్వదు. ముందు గదిలో కిటికీ కింద ఈతచాప పరిపిస్తుంది, అయిదు రోజులు అక్కడే. కంచం దూరం నుంచి జరుపుతుంది. ఒకసారి కూతురి కొంగు పొరపాటున తగిలిందని బేసినెడు పిండి మోరీలో పారబోసింది. ఆ కథను కొత్తగా వచ్చిన ప్రతి గిరాకీకీ గర్వంగా చెప్పుకుంటుంది.

నవత భువనగిరి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ చాపను చూస్తే సిగ్గుతో కుంచించుకుపోయేది. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి పిల్ల ఆమె. ఆర్డరు ఆలస్యమైతే అత్త గేటు దగ్గర నిలబడి, "కోడలు చాపెక్కింది సారూ, రెండు చేతులతోటి నేనెంతని సుట్టాలె?" అని గల్లీ అంతా వినేలా చెప్పేది. పోను పోను అలవాటైంది. ఆ ఇంట్లో నడుము వాల్చడానికి దొరికేవి ఆ రోజులేనని కూడా అర్థమైంది.

ఈ ఏడు ఎండలు మొదలైన దగ్గర్నుంచి చాప చుట్టినది చుట్టినట్టే గోడ మూలన నిలబడి ఉంది.

ఎందుకో నవతకు తెలుసు. ఆమె భర్త కిషన్‌కు తెలుసు. బస్తీ దవాఖానాలో సిస్టర్ ప్రిసిల్లాకు తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

కూతురు దేవిశ్రీ పుట్టినప్పుడు నవత బతికి బయటపడటమే గొప్ప. కడుపు కోసి బిడ్డను తీశారు కానీ రక్తం ఆగలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ రక్తం ఎక్కించారు. ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరమ్మ కిషన్‌ను పిలిచి, మూడేళ్ళ దాకా ఇంకో కాన్పు మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పింది. కిషన్ బుద్ధిమంతుడిలా తల ఊపాడు. దేవిశ్రీకి ఏడాది నిండాక అతనే బండి మీద భార్యను బస్తీ దవాఖానాకు తీసుకుపోయాడు. మాత్రలైతే దాచుకోవాలి, రోజూ గుర్తుపెట్టుకోవాలి. అందుకని సిస్టర్ ప్రిసిల్లా మూణ్ణెల్లకోసారి వేసే సూది సంగతి చెప్పింది.

"దీంతోటి కొందరికి నెలసరి ఆగిపోతది. ఒకసారి ఉండుండి కనబడుతది, మళ్ళ ఆగుతది. పరేషాన్ కావద్దు. లోపల రక్తమేం పేరుకోదు. సూది మానేస్తే మెల్లగ మళ్ళ షురూ అయితది," అని ఆమె ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

తిరుగుదారిలో బండి మీద కిషన్ అన్నాడు: "అమ్మకు నేను చెప్త. నువ్వు నోరు మెదపకు."

నవత నోరు మెదపలేదు. కిషన్ కూడా మెదపలేదు. రెండో సూది తర్వాత నెలసరి ఆగిపోయింది. ఇప్పుడు మూడో సూది వేయించుకునే వేళ వచ్చింది.

మొదటి నెల శ్యామలమ్మ సంబరపడింది. పెళ్ళిళ్ళ రోజులు, పని చేసే చేతులు తగ్గలేదు. రెండో నెల కోడలి ముఖంలోకి పరీక్షగా చూడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక పొద్దున, బట్ట మీద సకినాలు చుడుతున్న నవత ముందు నుంచి పిండి బేసిను లాగేసుకుంది.

"లే బిడ్డా. గట్ల వంగి కూసోకు. పొయ్యి కాడికి సుత పోకు."

"ఎందుకత్తమ్మా?"

"ఎందుకంట! నాకు కండ్లు లేవా? నా ఇంట్ల చాప పరుసుడు బందయితే నాకు ఎరుక కాదా?" శ్యామలమ్మ గొంతు తగ్గించి నవ్వింది. "ఈసారి మగపిల్లగాడే. నీ నడక చూస్తనే తెలుస్తున్నది."

"అట్లాంటిదేం లేదత్తమ్మా. నిజంగ లేదు."

"అగో, గట్ల అనద్దు. కడుపు నిలబడేదాక ఎవ్వలకు చెప్పద్దనే కద నీ భయం? నేనెవ్వలకు చెప్త?"

పొద్దు గుంకేలోపల పక్కింటికి, ఎదురింటికి, సైనిక్‌పురిలో ఉన్న కూతురు ఊర్మిళకు తెలిసిపోయింది. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మామ భద్రయ్య సంచీ నిండా సపోటాలు తెచ్చి, జీవితంలో మొదటిసారి కోడలి చేతికి అందించాడు. "మంచిగ తిను. బలముండాలె," అన్నాడు. నవతకు ఆ సంచీ రాళ్ళ మూటలా అనిపించింది.

మర్నాడు కిషన్ డ్యూటీకి బయలుదేరుతుంటే గేటు బయట బండి హ్యాండిల్ పట్టుకుని ఆపింది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

కిషన్ హెల్మెట్ లోపలి నుంచే అటూ ఇటూ చూశాడు. "జెర ఆగు. వాళ్ళిప్పుడు మంచి ఖుషీ మీదున్నరు. అమ్మ అందరికి ఫోన్లు సుత చేసింది. ఇప్పుడు ఏం లేదంటే ఇజ్జత్ పోదా?"

"ఎవరి ఇజ్జత్?"

"ఒక పని చెయ్యి. కొన్ని రోజులైనంక, నిలబడలేదు, పోయింది అని చెప్పు. అమ్మ ఇంత ఏడ్చి ఊకుంటది. సూది మాటనే రాదు."

నవత హ్యాండిల్ వదల్లేదు. "లేని బిడ్డను నేను సంపాల్నా? నువ్వు నోరిప్పలేక?"

"మెల్లగ! గల్లీల నిలబడి ఏందిది?" అని బండి స్టార్ట్ చేసి పోయాడు.

రెండు రోజులకు ఊర్మిళ దిగింది. మామిడిపండ్ల పెట్టె ఒక చేత, మెడికల్ షాపు కవరు ఒక చేత. ఊర్మిళ కిషన్ కంటే పెద్దది. ఇద్దరు మగపిల్లల తల్లి. ఆ సంగతి కూర్చున్న చోటల్లా ఆమెకంటే ముందే కూర్చుంటుంది.

"డాక్టర్ దగ్గర లైన్ల నిలబడుడు ఎందుకు? ఇంట్లనే చూస్కుందాం," అని కవరులోంచి పరీక్ష కిట్టు తీసింది. "పో నవతా, జల్దీ. ఫొటో తీసి మా అత్తగారింటోళ్ళకు పంపుత."

"వద్దొదినా. ఏం లేదని నేను చెప్తనే ఉన్న."

"పోరాదే! దిష్టి దిష్టి అని ఎంత భయం!"

నవత వెళ్ళింది. పోనీ, ఆ పట్టీ అయినా చెబుతుంది కదా అనుకుంది. తల్లీ కూతుళ్ళు ఆ పట్టీ మీదికి తలలు వంచారు.

"ఒక్కటే గీత వచ్చింది," అంది శ్యామలమ్మ ఆత్రంగా. "ఒక్కటంటే మగపిల్లగాడా?"

"ఒక్కటంటే ఏం లేదని అమ్మా," అంది ఊర్మిళ.

శ్యామలమ్మ మూలనున్న చాపను చూసింది, కోడలిని చూసింది, మళ్ళీ చాపను చూసింది. "మరి చాప?"

ఊర్మిళ కళ్ళు చిన్నవయ్యాయి. "ఎప్పుడు తీయించుకున్నవే?"

"ఏంది?"

"ఏంది అంటది చూడు! కడుపు. ఎప్పుడు తీయించుకున్నవ్, ఎవలు తోల్కపోయిండ్రు? నిన్న మొన్ననేనా? మా అమ్మ సంబరపడి గల్లీ అంత చెప్పుకున్నంక?"

శ్యామలమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "అయ్యో, నా ఇంట్ల కూనీ అయిందా!"

ఈ మాట నవత అనుకోనిది. ఇన్నాళ్ళు దాచినదానికంటే పెద్ద నేరం నెత్తిన పడుతోంది. ఇక దాచి లాభం లేదు.

"నేనేం తీయించుకోలే," అంది. "కడుపే రాలేదు. రాకుండ సూది తీస్కుంటున్న. మూణ్ణెల్లకోసారి. దాంతోటే చాప బందయింది. మూడేండ్ల దాక వద్దని డాక్టరమ్మ చెప్పింది. నాకు సుత భయమున్నది. ఆ రోజు టేబుల్ మీద నేను సచ్చిపోతున్న అనుకున్న వదినా."

ఆమె భయం సంగతి ఆ గదిలో ఎవరికీ వినబడలేదు.

"సూదా?" అంది శ్యామలమ్మ. "నెల నెల పోవాల్సిన రక్తం పోకుంటె యాడికి పోతదే? లోపల గడ్డ కడ్తది. నెత్తికెక్కుతది. పేగు ఎండిపోతది. రేపు పిల్లలు కావాలన్నా కారు!"

"సూది మానేస్తే అన్నీ మామూలైతయత్తమ్మా. సిస్టర్ చెప్పింది."

"సిస్టర్! ఆమె అత్తనా, నేను అత్తనా?" ఉన్నట్టుండి ఇంకో సంగతి తోచి ఆమె ముఖం మారింది. "అంటే ఇన్ని దినాలు... అమ్మవారికి పోయే పిండి ముట్టినవ్. రావాల్సింది రాకుండ చేస్కొని ముట్టినవ్. నువ్వు శుద్ధంగ ఉన్నట్టా, లేనట్టా?"

"రాకుంటే శుద్ధమే కదత్తమ్మా."

"ఎదురు మాట! చూడే ఊర్మిళా, డిగ్రీ చదివిన నోరు!"

"మేం కనలేదా? మాకు లేవా నొప్పులు?" ఊర్మిళ అందుకుంది. "ఒక్క ఆడపిల్లను కని మహారాణి లెక్క సూదులు పొడిపించుకుంటదట. మా తమ్ముని వంశం ఆపుతందుకు నువ్వెవ్వతివే?"

కిషన్‌కు ఫోను వెళ్ళింది. అతను స్టేషన్ పక్క పార్శిల్ బుకింగ్ ఆఫీసులో పని వదిలిపెట్టి వచ్చేసరికి భద్రయ్య కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దేవిశ్రీ అరుపులకు బెదిరి తల్లి చంకలో ముఖం దాచుకుంది.

"నీకు ఎరుకనా రా?" అంది శ్యామలమ్మ. "నీ పెండ్లం సూదులు తీస్కుంటున్నదని నీకు ఎరుకనా?"

కిషన్ తండ్రిని చూశాడు. అక్కను చూశాడు. నవత అతన్నే చూస్తోంది. అతను తప్ప ఆ గదిలో ఆమె వైపు మాట్లాడగలిగే మనిషి లేడు. ఒక్క మాట చాలు. డాక్టరమ్మ తనతోనే చెప్పిందని అంటే చాలు.

"నాకేం ఎరుక?" అన్నాడు కిషన్. "ఏదో బలం సూది అన్నది. నేను గదే అనుకున్న."

నవత కళ్ళు దించుకుంది.

భద్రయ్య గొంతు సవరించుకున్నాడు. "చూడు బిడ్డా. ఈ ఇంట్ల ఉండాలంటే ఇంటి మాట ఇనాలె. ఇంకో సూది పొడిపించుకున్నవంటె భోనగిరి బస్సు ఎక్కుడే. పిల్ల మాత్రం ఈడనే ఉంటది."

ఆనాటి నుంచి ఇంటికి స్టేషను ప్లాట్‌ఫారం కంటే ఎక్కువ కాపలా పడింది. నవత చెప్పులు అటక మీదికి ఎక్కాయి. పాల ప్యాకెట్టుకు కూడా భద్రయ్యే వెళ్ళాడు. ఊర్మిళ నేరుగా బస్తీ దవాఖానాకు పోయి గొడవపడి వచ్చి, "ఆ నర్సుకు సుత ఒళ్ళు పొగరే," అని మాత్రం చెప్పింది. ఏం జరిగిందో చెప్పకుండానే సైనిక్‌పురికి వెళ్ళిపోయింది. నవత ఒకసారి దేవిశ్రీకి దగ్గు మందు తెస్తానని చెప్పి, కిషన్ చెప్పులు వేసుకుని గేటు దాటింది. శ్యామలమ్మ వెనకే పరుగెత్తుకొచ్చి, మణికట్టు పట్టుకుని, ఎదురింటి వాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూస్తుండగా లోపలికి లాక్కుపోయింది. గాజు పగిలి గీరుకుంది.

తల్లికి ఫోన్ చేస్తే ఆమె ఏడ్చింది. ఏడ్చి, అంది: "పెద్దోళ్ళతోటి కొట్లాట ఎందుకు బిడ్డా? కండ్లు మూసుకొని ఒక మగపిల్లగాన్ని కని ఆపరేషన్ చేయించుకో. ఇగ నిన్నెవ్వలు అడగరు."

"కండ్లు మూసుకుంటే మళ్ళ తెరుస్తనో లేదో అమ్మా," అని నవత ఫోన్ పెట్టేసింది.

ఒక మధ్యాహ్నం శ్యామలమ్మ దేవిశ్రీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కోడలిని పిలిచింది. "రా. దీని నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు, ఇంకో సూది పొడిపించుకోనని."

"పిల్ల మీద నేను ఒట్టు పెట్టనత్తమ్మా."

"అంటే పొడిపించుకుంటవన్నట్టే."

"అవును."

శ్యామలమ్మ చెయ్యి లేచింది కానీ పడలేదు. దానికి బదులు ఆమె మాట్లాడింది, గోడతో మాట్లాడినట్టు. "నేను నలుగుర్ని కన్న. ఇద్దరు మిగిలిండ్రు. కిషన్ కడుపుల ఉన్నప్పుడు నిలబడితే కండ్లు తిరిగి పడుతుంటి. నీకు తక్లీఫ్ ఉన్నదా అని ఎవ్వలన్న అడిగిండ్రా నన్ను? కని లేచి మా అత్తకు రొట్టెలు చేసిన. ఇగ చాలని మీ మామ అన్ననాడు ఆపరేషన్ క్యాంపుల పండవెట్టి కోసిండ్రు. నన్ను అడిగి కోసిండ్రా? నీకేం పైనుంచి దిగొచ్చిందే, నీ ఇష్టంతోటి కననీకి, నీ ఇష్టంతోటి ఆపనీకి?"

మిమ్మల్ని అడగలేదని నన్నూ అడగొద్దా అని నవత నోటి దాకా వచ్చింది. అత్త కళ్ళలో జాలి కోసం వెతికింది. లేదు. ఉన్నదల్లా, తనకు దక్కనిది ఇంకొకరు అడుగుతున్నారన్న మంట. దానితో వాదించి లాభం లేదు. నవత ఊరుకుంది. సూది గడువు మాత్రం ఊరుకోవడం లేదు. తారీఖు ఇప్పటికే దాటింది. కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదని ప్రిసిల్లా మొదట్లోనే చెప్పింది, కానీ ఆ కాస్త కూడా ఈ వారంతో అయిపోతుంది. అయిపోతే ఏమవుతుందో శ్యామలమ్మకూ తెలుసు. అందుకే కిషన్‌ను రోజూ పెందలాడే ఇంటికి రమ్మంటోంది.

ఆ వారంలోనే ఓంప్రకాశ్ ఆర్డరు వచ్చింది. చిలకలగూడలో అతనికి మిఠాయి దుకాణం ఉంది. ఇంకోటి తెరుస్తున్నాడు. పూజలో అమ్మవారి ముందు పెట్టడానికి, వచ్చిన వాళ్ళకు పంచడానికి సకినాలు కావాలి. మనిషికి పట్టింపు ఎక్కువ. ఏ మాత్రం తేడా ఉన్నా సరుకు వెనక్కి పంపడమే కాక, ఊరంతా చెప్పే రకం. శ్యామలమ్మ రెండు రోజుల ముందు నుంచే పట్టుగా ఉంది. నవత రెండు రోజులూ నోరెత్తకుండా బియ్యం కడిగింది, నువ్వులు చెరిగింది. అత్త కాస్త మెత్తబడింది కూడా. దారిలోకి వచ్చిందనుకుంది.

ఆ పొద్దున శ్యామలమ్మ తలస్నానం చేసి పిండి కలిపింది. తొలి వాయి నూనెలో కాలి బుట్టకెక్కింది. వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచిన తెల్లబట్టల మీద మలి వాయి సకినాలు ఆరుతున్నాయి. పెరటి తలుపు దాకా కాలు పెట్టే చోటు లేదు. నవత స్నానమైతే చేసింది కానీ వంటింటి వైపు రాలేదు. ముందు గదిలో మూలనున్న చాప తీసి, దుమ్ము దులిపి, కిటికీ కింద పరిచి కూర్చుంది.

శ్యామలమ్మ పిండి చేతులతో గడప దగ్గరికి వచ్చింది. "ఏందే అది?"

"బయటున్నత్తమ్మా."

"ఎప్పటి సంది?"

"ఇప్పుడే. లోపలికి రాలే. ఏం ముట్టలే."

"అబద్ధం! సూదితోటి బందయిందన్నవ్ కద!"

"ఉండుండి కనబడుతదని సుత సిస్టర్ చెప్పింది. నమ్మకం లేకుంటె వచ్చి చూస్కోండ్రి."

శ్యామలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. చూసుకోవాలంటే ముట్టుకోవాలి. ముట్టుకుంటే ఆ చేతులతో మళ్ళీ పిండి దగ్గరికి పోలేదు. నిజమైతే పిండంతా మోరీ పాలు. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. నవత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెవులు మాత్రం గేటు మీదే ఉన్నాయి.

ఎండ గోడ మీదికి ఎక్కేవేళకు ఆటో ఆగింది. ఓంప్రకాశ్ గేటు దగ్గర నిలబడి, "అమ్మా, అయినంత వరకు ఇయ్యుండ్రి. మిగిలింది మళ్ళొచ్చి తీస్కపోత. ముహూర్తం టైమయితున్నది," అని కేకేశాడు.

నవత లేచి కిషన్ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"యాడికే?" శ్యామలమ్మ వంటింట్లోంచి ఒక్క ఉరుకున వచ్చి వీధి తలుపుకు అడ్డంగా నిలబడింది. చేతులకు తడిపిండి మెరుస్తోంది.

"దవాఖానకు."

"పోనియ్య. నేను సచ్చినా పోనియ్య."

"దారియ్యుండ్రి అత్తమ్మా," అంది నవత. గొంతు పెంచలేదు. "తాకుత."

"నాటకాలాడుతున్నవే నువ్వు! నాకు ఎరుకే, నువ్వు బయట లేవు!"

"లేనని మీకు నమ్మకముంటె పట్టుకోండ్రి. మొన్న పట్టుకున్నరు కద, ఇదే చెయ్యి." నవత మణికట్టు చాపింది. గాజు గీరిన చోట ఇంకా నల్లగా ఉంది. "లేకుంటె జరగుండ్రి. జరగకుంటె వంటింట్ల నుంచి పోత. పెరటి తలుపు తీసే ఉన్నది."

శ్యామలమ్మ తల తిప్పి వెనక్కి చూసింది. తెల్లబట్టల మీద ఆరుతున్న సకినాలు. గేటు దగ్గర నుంచి ఓంప్రకాశ్ మెడ సాచాడు.

"ఏందమ్మా లొల్లి? కోడలు బయటున్నదా ఏంది? సామాన్ ముట్టలే కద?"

"లేదు సేటూ, ముట్టలే!" శ్యామలమ్మ గేటు వైపు కేకేసింది. "ముట్టనిస్తనా నేను?"

చీర కుచ్చిళ్ళు రెండు చేతులా దగ్గరికి లాక్కుని, పిండి చీరకంతా అంటుకుంటున్నా పట్టించుకోక, ఆమె గోడకు అతుక్కుపోయింది. తలుపు ఖాళీ అయింది. కుర్చీలోంచి భద్రయ్య లేవబోయి, గేటు దగ్గర సేటును చూసి ఆగాడు. అతని ఒళ్ళోంచి జారిన దేవిశ్రీ పరుగెత్తుకొచ్చి తల్లి కాళ్ళను చుట్టేసింది.

"అయ్యో, పోరి తాకింది!" అంది శ్యామలమ్మ.

"తాకింది కద. ఇగ లోపల తిప్పరాదు," అని నవత బిడ్డను చంకనెత్తుకుంది. "నా తోనే తీస్కపోత."

గేటు దగ్గర ఓంప్రకాశ్ కూడా నాలుగడుగులు పక్కకు జరిగి, భక్తిగా దారిచ్చాడు.

బస్తీ దవాఖానాలో సిస్టర్ ప్రిసిల్లా ఆమె కాళ్ళకున్న మగ చెప్పులను చూసి, కుర్చీ జరిపి కూర్చోమంది. బీపీ చూసింది. "ఆలస్యమైంది, కానీ గడువుల్నే ఉన్నవ్," అంది. "మీ వదిన వచ్చి మస్తు లొల్లి చేసింది. మా తమ్ముని సంతకం లేకుండ సూది ఎట్ల వేస్తరు అన్నది. సూది ఆయనకు వేస్తలేను కదమ్మా అన్న."

నవత చాలా రోజుల తర్వాత నవ్వింది. సూది దిగినప్పుడు దేవిశ్రీ తల్లికి బదులు ఏడ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఆటో పోయింది. గిన్నెలో సగం పిండి ఇంకా మిగిలే ఉంది. పొద్దు వాలేలోపు మిగతా వాయిలు కాల్చి పంపాలి. శ్యామలమ్మ ఒక్కతే నడుం పట్టుకుని చుడుతోంది. నవత నేరుగా వెళ్ళి చాప మీద కూర్చుంది. చెయ్యి మీద దూది ఇంకా ఉంది. దాచలేదు.

శ్యామలమ్మ ఆ దూదిని చూసింది. "నువ్వు బయట లేవని దేవునికి ఎరుక," అంది పళ్ళ మధ్య నుంచి. "నాకు ఎరుక. నీకు ఎరుక. లే. వచ్చి పిండి పట్టు. సేటు మళ్ళొస్తడు."

"నియమం నియమమే కదత్తమ్మా," అంది నవత. "అయిదు రోజులు."

శ్యామలమ్మ లెమ్మని గట్టిగా అంటే, ఇన్నేళ్ళు గిరాకీలకు చెప్పుకున్న మాట తన నోటితోనే తుడిచేసుకోవాలి. పైగా గేటు తీసే ఉంది, ఎదురింటి బాల్కనీలో మనుషులున్నారు. విసురుగా ఇంకో సకినం చుట్టింది. వంకర పోయింది.

కిషన్ అప్పుడే వచ్చాడు. బూట్లు విడుస్తూ, చాప మీదున్న భార్యను, చేతి మీది దూదిని చూసి, పక్కకు వంగి గుసగుసగా అడిగాడు: "తీస్కున్నవా? మంచిదే అయింది."

పెళ్ళయిన దగ్గర్నుంచి అత్తమామల ముందు నవత అతన్ని మీరు అనే పిలిచింది. ఇప్పుడు గొంతు తగ్గించలేదు, మాట మార్చలేదు.

"మొదటిసారి నువ్వే తోల్కపోయినవ్ కద కిషన్, బండి మీద. డాక్టరమ్మ నీకే చెప్పింది, మూడేండ్లని. ఈసారి సుత నువ్వే వస్తవనుకున్న."

వంటింట్లో చేతి చప్పుడు ఆగింది. భోనగిరి బస్సు మాట ఎత్తబోతున్న భద్రయ్య పేపరు దించి కొడుకు వైపు చూశాడు. కిషన్ వంటింటి వైపు తిరిగాడు. "అమ్మా, అది... నేను..."

శ్యామలమ్మ గడప దగ్గరికి వచ్చింది. కొడుకును కింది నుంచి మీది దాకా చూసింది. ఆమె కోపం ఏమీ తగ్గలేదు. కోడలి మీద ఉన్నది అట్లాగే ఉంది, ఇంకొంత పెరిగింది, పెరిగినది పోయి కొడుకు మీద పడింది.

"బలం సూది అనుకున్నవా రా?"

కిషన్ విడిచిన బూట్లను కాలితో గోడ వైపు జరిపాడు.

"పో. నెత్తి మీద నీళ్ళు పోస్కొని రా."

"ఎందుకమ్మా?"

"నీ పెండ్లం చాపెక్కింది. నాకు రెండు చేతులే ఉన్నయ్. వచ్చి సుట్టు."

"నాకు రాదు కదమ్మా సకినాలు సుట్టుడు!"

"నేర్చుకో. మూణ్ణెల్లకోసారి ఎక్కుతదట చాప."

కాసేపటికి తల తడి ఆరకుండానే కిషన్ తెల్లబట్ట ముందు కూర్చున్నాడు. పిండి వేళ్ళ మధ్య నుంచి జారిపోతోంది. చుట్టు నిలబడటం లేదు. శ్యామలమ్మ ఒక్కో వంకర సకినాన్నీ తిడుతూ చెరిపేస్తోంది. ఆ తిట్లలో సగం కొడుక్కి, సగం కిటికీ కిందికి వస్తున్నాయి. నవత బిడ్డను పక్కలో వేసుకుని, సూది వేసిన చెయ్యి పైకి ఉండేలా పక్కకు తిరిగి పడుకుంది.